సూరత్‌లో ఒక్క చీర

సూరత్‌లో వంద చీరలు కొనడానికి అరగంట చాలు. ఒక్క చీర కొనాలంటేనే కష్టం. రింగ్ రోడ్డు పొడవునా లేచిన ఆ మార్కెట్లు సెట్ల లెక్కన అమ్మడానికి పుట్టినవి. ఒక డిజైన్‌లో ఆరో ఎనిమిదో రంగులు కలిస్తే సెట్టు, సెట్లు కొన్ని కలిస్తే పార్సిలు. దాన్ని విడదీయడం అక్కడి పద్ధతి కాదు. నాకు కావలసింది మాత్రం ఆ ఒక్క చీరే. అదీ నా చేతికి రానక్కర్లేదు. పలాసలోనో మదనపల్లెలోనో ఉన్న ఒకావిడ ఇంటికి, నా దుకాణం పేరున్న కవర్లో, నేను చెప్పిన రోజుకి చేరాలి.

విజయవాడ నుంచి నేను నడిపే ఆన్‌లైన్ దుకాణంలో సరుకు నిల్వ ఉండదు. ఆర్డరు నాకొస్తుంది, డబ్బు నాకు చేరుతుంది, చిరునామా నేను సూరత్‌కి పంపుతాను. మడత పెట్టి, కవర్లో వేసి, కొరియర్‌కి అప్పజెప్పేది అక్కడివాళ్ళు. డ్రాప్ షిప్పింగ్ అంటే ఇంతే. పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు కాబట్టి ఇంట్లోంచి వ్యాపారం చెయ్యాలనుకునే ఆడవాళ్ళకి ఇదొక మంచి దారి. అయితే కొన్నవాళ్ళకి నేనిచ్చిన మాట నిలబడాలా వద్దా అన్నది, ముఖమైనా చూడని ఒక మనిషి చేతిలో ఉంటుంది. ఆ మనిషిని వెతుక్కుంటూ నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

వరంగల్‌లో మా పెట్టెలోకి ఒక పద్మశాలి కుటుంబం వచ్చింది. బియ్యం సంచి, పచ్చడి జాడీ, చంటిపిల్లాడి ఉయ్యాల చీర. సామానంతా సీటు కింద సర్దుకున్నాక పెద్దాయన నా వైపు తిరిగాడు.

“ఏడికి బిడ్డా, సూరత్‌కేనా?”

“అవును బాబాయ్ గారూ. చీరల పని మీద.”

“చీరలకైతే సూరతే. మా నాయన గుంట మగ్గం మీద నేసిండు. నేను సూరత్ పోయి పవర్‌లూమ్ మీద నేసిన. గిప్పుడు మా పిల్లలు నేస్తలేరు, అమ్ముతున్నరు.”

మూడు తరాల కథ మూడు వాక్యాల్లో చెప్పేశాడాయన. తెలంగాణ నేతగాళ్ళు సూరత్ బాట పట్టడం నిన్న మొన్నటి సంగతి కాదు. ఎంతమంది స్థిరపడ్డారంటే, సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేట లింబాయత్. “మార్కెట్ల తిరుగు, కానీ ఆఖరికి లింబాయత్ రా బిడ్డా. గద్దె మీద కూసున్నోళ్ళు చెప్పనియి మా గల్లీల తెలుస్తయి,” అని ఫోన్ నంబరు రాయించాడు.

బల్హర్షా, అకోలా, భుసావల్ దాటి జల్గావ్ నుంచి రైలు తపతి లోయ దారి పట్టింది. పత్తి చేలు, అరటి తోటలు. నవాపూర్ దగ్గర అందరూ కిటికీల్లోంచి తొంగి చూశారు. ఆ స్టేషన్ సగం మహారాష్ట్రలో, సగం గుజరాత్‌లో ఉంటుంది. ప్లాట్‌ఫారం మీది ఒక బల్ల మధ్యలోంచే సరిహద్దు గీత పోతుంది.

సూరత్‌లో దిగాక, మార్కెట్లుండే సహారా దర్వాజా వైపు పొద్దున్నే వెళ్ళినా రోడ్డు అప్పటికే టెంపోలతో నిండిపోయింది. మిలీనియం, రాధాకృష్ణ వంటి మార్కెట్లలో ఒక్కో అంతస్తులో బారులు బారులుగా దుకాణాలు. తెల్లటి దుప్పటి పరిచిన గద్దె, గోడకి కేటలాగ్ అట్టలు, తడవకో చిన్న గ్లాసు టీ. చెప్పులు విప్పి కూర్చోగానే అడిగే మొదటి మాట: “ఎన్ని సెట్లు, బెన్ (అక్కా)?”

నా పద్ధతి వివరించాను. ఆ వ్యాపారి ఓపిగ్గా విన్నాడు. “సింగిల్ కావాలా? మా దగ్గర దొరకదు. మా దగ్గర కొనేవాళ్ళ దగ్గర కొనేవాళ్ళని అడగండి,” అన్నాడు.

ఈ వ్యాపారం కీలకమంతా ఆ జవాబులో ఉంది. మిల్లులో అద్దిన చీర వ్యాపారి గద్దెకి వస్తుంది. హోల్‌సేలర్ సెట్లు కొంటాడు. ఆ సెట్లు విప్పి సింగిల్స్ పంపేవాడు వేరే. అతని ఫొటోలు తీసుకుని తనే సరఫరాదారునని చెప్పుకునేవాడు మరొకడు. ఒకే ఫొటో ఇలా నాలుగైదు చేతులు మారి నా ఫోన్‌కి చేరుతుంది. చేతికో పాతిక ముప్ఫై రూపాయలు కలిస్తే దాన్నయినా భరించవచ్చు. భరించలేనిది ఒకటే. “ఆ నెమలిపింఛం రంగు చీర ఉందా?” అని అడిగితే, ఈ వరసలో మధ్యవాళ్ళెవరికీ నిజమైన జవాబు తెలియదు. ఉందనే అంటారు. పెళ్ళి రోజు దాటాక లేదంటారు.

పై అంతస్తులో సింగిల్స్ పంపుతామని బోర్డు పెట్టిన ఒక గదికి వెళ్ళాను. రెండు అరలు, నాలుగు ఫోన్లు, గోడ నిండా డిజైన్ నంబర్లు. ఫోన్లో చూసిన చీర ఒకటి చూపించమంటే, “గోడౌన్ నుంచి తెప్పిస్తా,” అని కుర్రాణ్ణి పంపించారు. నేనూ లేచి అతని వెనకే నడిచాను. రెండు అంతస్తులు దిగి ఇంకొకరి దుకాణంలో డబ్బు కట్టి చీర తీసుకున్నాడు. వాళ్ళు మోసగాళ్ళని నేననను. పొద్దున్నుంచి రాత్రి దాకా మెట్లెక్కి దిగే కష్టం వాళ్ళది. కానీ కింది దుకాణంలో ఆ రంగు అయిపోతే నాకు చెప్పడానికి అక్కడ ఎవరూ ఉండరు.

అక్కణ్ణించి ప్రతి చోటా నేను ధర అడగడం చివరికి నెట్టేశాను. తిరిగొచ్చిన చీరలు ఎక్కడ పెడతారో చూపించమన్నాను. చాలామంది విసుక్కున్నారు. కొందరు “మాకు రిటర్న్‌లే రావు” అన్నారు. చీరలు ఒక్కొక్కటిగా పంపుతూ రిటర్న్‌లు రావంటే నమ్మడానికి లేదు. వచ్చినవి వాళ్ళు పుచ్చుకోవడం లేదని అర్థం.

టేపు కూడా నా సంచిలోనే ఉంది. ఐదున్నర మీటర్ల చీర, 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క కలిపి 6.30 కట్ అంటారు. ధర తగ్గించి చెప్పే చోట చీర ఐదుంబావుకి దిగిపోతుంది. ఫొటోలో ఆ తేడా కనిపించదు. కట్టుకున్నావిడకి కుచ్చిళ్ళ దగ్గర తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురు వ్యాపారులు నేను కొలుస్తుంటే కేటలాగ్ మూసేశారు. ఒకాయన మాత్రం టేపు రెండో కొస తనే పట్టుకున్నాడు. పాండేసరాలో చీరలు అద్దించే మిల్లు చూడాలని ఉందంటే, తన మనిషిని తోడిచ్చి పంపింది కూడా ఆయనే.

మిల్లు లోపల ఆవిరి, రసాయనాల వాసన. మగ్గం మీంచి వచ్చిన, ఇంకా రంగెరగని గుడ్డని అక్కడ గ్రే అంటారు. దాన్ని ఉతుకుతారు, అద్దుతారు, రంగు పట్టడానికి ఆవిరిలో ఉంచుతారు, మళ్ళీ ఉతికి, స్టెంటర్ అనే పొడవాటి యంత్రంలో సాగదీసి ఆరబెడతారు. ఒక తడవలో అద్దినది ఒక లాట్. అదే డిజైన్, అదే రంగు నంబరు, కానీ లాట్ మారితే ఛాయ మారుతుంది. మెరూన్ ఒక పిసరు ఎరుపెక్కుతుంది, ఆకుపచ్చ కొంచెం పసుపు తిరుగుతుంది. నాకు రంగు తేడా ఫిర్యాదులు ఎందుకొస్తున్నాయో ఆ స్టెంటర్ పక్కన నిలబడ్డప్పుడు బోధపడింది. ఫొటో మొదటి లాట్‌ది, చీర మూడో లాట్‌ది. కొత్త లాట్ రాగానే కొత్త ఫొటో తీసి పంపే సరఫరాదారు దొరికితే సగం గొడవలు ఉండవు.

లింబాయత్‌లోకి ఆటో మలుపు తిరిగేసరికి చెవుల్లో తెలుగు పడింది. గల్లీలో ఎక్కణ్ణించో మగ్గాల చప్పుడు, ఇళ్ళ గుమ్మాల్లో చీర అంచుకి లేసు కుడుతున్న, రాళ్ళు అతికిస్తున్న ఆడవాళ్ళు. మనం ఫోన్లో చూసి “వర్క్ బాగుంది” అనే పని చాలావరకు ఇలాంటి గుమ్మాల్లో, ముక్కకింత అనే లెక్కన సాగుతుంది. రైల్లో కలిసిన పెద్దాయన ఎదురొచ్చి అన్నం పెట్టించాడు. తర్వాత నాలుగు గుమ్మాల అవతల, మేడ మీద చీరలు ప్యాక్ చేసే వాళ్ళ చుట్టాలమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆ అమ్మాయి పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే. భర్త పొద్దున్నే మార్కెట్‌కి వెళ్ళి సెట్లు కొనుక్కొస్తాడు. ఆమె విప్పి, ప్రతి చీరా వెలుతురులో పరిచి చూసి, అరల్లో సర్దుతుంది. నేను అడక్కముందే తిరిగొచ్చిన చీరల అర కంటపడింది. ఒక్కో చీరకి ఆర్డరు నంబరు, కారణం రాసిన చీటీ గుచ్చి ఉంది: ‘రంగు వేరే’, ‘ఫోన్ ఎత్తలే’, ‘పల్లుల మరక’. ‘పల్లుల మరక’ అన్నది తన తప్పేనని, ఆ చీర డబ్బు వెనక్కి ఇచ్చేశానని చెప్పింది.

నాకు నచ్చిన డిజైన్ ఒకటి చూపించి ఎన్ని ఉన్నాయని అడిగాను.

“నాలుగే ఉన్నయక్కా. మల్ల వస్తయో రావో తెల్వదు. నాలుగు పోంగనే నీ దుకాణంకెళ్ళి తీసెయ్. నా మీద ఆశ వెట్టుకోకు.”

రింగ్ రోడ్డు మీద అంతసేపు తిరిగినా ‘లేదు’ అనే మాట ఇంత స్పష్టంగా ఎవరి నోటా వినలేదు. నాకు కావలసిన మనిషి ఈమేనని అప్పుడే అనుకున్నాను. అయినా పరీక్షలు మానలేదు. ఆమె జీఎస్‌టీ నంబరు పోర్టల్‌లో కొట్టి చూశాను. మొదటి రెండంకెలు గుజరాత్ కోడ్ 24, నమోదైన చిరునామా మేం కూర్చున్న మేడదే, రిటర్నులు క్రమంగా దాఖలవుతున్నాయి. బిల్లు సంగతీ మాట్లాడుకున్నాం. సరుకు నేరుగా కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళినా, ఆమె బిల్లు విజయవాడలోని నా పేరు మీదే వస్తుంది. సరుకు నాకు చేరినట్టే జీఎస్‌టీ చట్టం పరిగణిస్తుంది. కొన్నావిడకి బిల్లు నేనిస్తాను. ఈ అమ్మాయి బిల్లు పొరపాటున కూడా కవర్లో పడకూడదు.

ఇక్కడే చిన్న పేచీ వచ్చింది. ఒక అరలో ఇక్కత్ గళ్ళ చీర ఉంది, కేటలాగ్ మీద ‘పోచంపల్లి సిల్క్’ అని అచ్చేశారు. తిరగేసి చూస్తే వెనక వైపు రంగు వెలిసినట్టుంది. అసలు ఇక్కత్‌లో నూలుకి కట్లు కట్టి ముందే రంగు వేసి తర్వాత నేస్తారు కాబట్టి రెండు వైపులా బొమ్మ ఒకేలా నిండుగా ఉంటుంది. పెద్దాయన అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించాడు. కాలి బూడిద కాలేదు, కరిగి గట్టి పూసలా ముడుచుకుంది. “పాలియెస్టర్ బిడ్డా,” అన్నాడు, కాస్త బాధగానే.

నా దుకాణంలో దాన్ని ‘ఇక్కత్ డిజైన్ ప్రింటు, పాలియెస్టర్’ అనే రాస్తానన్నాను.

“గట్ల రాస్తే కొంటరా అక్కా?”

కొంటారు. ఇస్త్రీ అక్కర్లేని, ఉతికితే పాడవని చీర కావాలనుకునే టీచర్లు, నర్సులు, రోజూ బస్సెక్కే ఆడవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళకి ప్రింటు చీరంటే చిన్నచూపు లేదు. పేరు మార్చి అమ్మితే వాళ్ళనీ మోసం చేసినట్టే, భూదాన్ పోచంపల్లిలో రోజుల తరబడి కట్లు కట్టి ఒక చీర నేసే మనిషి నోటి దగ్గర కూడూ లాక్కున్నట్టే. ఆ మనిషి కులస్థులే ఈ గల్లీలో ఉన్నారని ఆ అమ్మాయికి నేను చెప్పనక్కర్లేకపోయింది. కేటలాగ్ అట్ట తీసి పక్కన పడేసింది.

షరతులు ఒక కాగితం మీద రాసుకున్నాం. ‘కవరు విప్పుతూ వీడియో తీయకపోతే రిటర్న్ లేదు’ అన్నది సూరత్‌లో అందరూ పెట్టే షరతు. ఆమె కూడా పెట్టింది. నేను ఒప్పుకోలేదు. అరవై ఏళ్ళావిడ ఒక చేత్తో కత్తెర, ఒక చేత్తో ఫోను పట్టుకుని వీడియో ఎలా తీస్తుంది? పైగా 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం పాడైన సరుకునీ, చెప్పినట్టు లేని సరుకునీ తిరిగి తీసుకోనని అమ్మినవాళ్ళు అనడానికి వీల్లేదు. కొన్నావిడకి అమ్మింది నేను. ఈ అమ్మాయి వెనక్కి తీసుకోకపోతే ఆ బరువు నా మీదే పడుతుంది. చివరికి కవరు మీది లేబుల్, చీర లోపం రెండూ కనిపించే ఫొటోలు, పార్సిలు అందిన 48 గంటల్లో పంపితే చాలనుకున్నాం. మరక, చిరుగు, రంగు తప్పు అయితే రానుపోను ఖర్చు ఆమెది. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి ఫోన్ ఎత్తనివాళ్ళ పార్సిలు తిరిగొస్తే ఖర్చు నాది.

అప్పటికప్పుడే శ్రీకాకుళం, ఆదిలాబాద్, అనంతపురంలో ఉన్న మా వాళ్ళ చిరునామాలకి మామూలు ఆర్డర్లలాగే చీరలు పెట్టించాను. ట్రాకింగ్ నంబరు రావడం ఒక్కటే చూస్తే చాలదు. లేబుల్ కొట్టగానే నంబరు వస్తుంది, పార్సిలు మాత్రం రెండు మూడు రోజులు మూలన పడి ఉండవచ్చు. కొరియర్ కుర్రాడు చేతిలోకి తీసుకుని చేసే మొదటి స్కాన్ ఎప్పుడో చూడాలి. ఆ సాయంత్రమే నా కళ్ళ ముందు మూడూ స్కాన్ అయ్యాయి. తర్వాత అందినవి విప్పి కొలిచి చూపించమంటే మూడూ 6.30 ఉన్నాయి.

లేవబోతుంటే పంచాంగం గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాను. దీపావళికి సూరత్ మార్కెట్లు మూతపడితే మళ్ళీ తెరుచుకునేది లాభ్ పంచమికి, అంటే కార్తీక శుద్ధ పంచమికి. ఊళ్ళకి వెళ్ళిన కూలీలు తిరిగొచ్చి పని కుదురుకోవడానికి ఇంకొన్నాళ్ళు పడుతుంది. మనకి ఆ పంచమి ముందు రోజే నాగుల చవితి. కార్తీక సోమవారాలు, నోములు, ఆ వెంటనే పెళ్ళిళ్ళు. సరిగ్గా మావాళ్ళు చీరలు అడిగే రోజుల్లో ఇక్కడ షట్టర్లు దించి ఉంటాయి. “గప్పుడు మేం గూడ ఊరికి పోతమక్కా,” అంది. పోవద్దని నేనెలా అంటాను? బాగా పోయే డిజైన్లలో కొన్ని సెట్లు విజయదశమి కల్లా విజయవాడకి పంపితే, ఆ రోజుల్లో ప్యాకింగ్ నేనే చూసుకుంటానన్నాను. మిగిలినవి విప్పకుండా ఉంటే ఆమె వెనక్కి తీసుకుంటుంది. ఏ డిజైన్లు, ఏ రంగులు, ఒక్కోటి ఎన్ని అని ఆమె భర్త అరల్లోంచి తీసి చూపిస్తుంటే, నేను కాగితం వెనక వైపు రాయడం మొదలుపెట్టాను.