బూడిద ఎత్తే పని



లేవీయకాండము ఆరవ అధ్యాయంలో యాజకుడు పొద్దున్నే చేయవలసిన పనులు రాసి ఉన్నాయి. బలిపీఠం మీద అగ్ని ఆరిపోకూడదన్న ఆజ్ఞ మనందరికీ గుర్తే. దాని మీద ప్రసంగాలు ఎన్నో విన్నాం. అయితే కొత్త కట్టెలు పేర్చకముందు యాజకుడు చేసే పని ఒకటుంది. రాత్రంతా కాలినదాని బూడిదను అతడు ఎత్తాలి. తర్వాత బట్టలు మార్చుకుని, దాన్ని పాళెం వెలుపల పవిత్రమైన చోటికి మోసుకుపోవాలి. ఆ పని మీద ప్రసంగం నేను ఎక్కడా వినలేదు. దాని అర్థం నాకు మా అచ్చంపేట దగ్గర ఒక సిగిడి ముందు కూర్చున్నప్పుడు తెలిసింది.

సిగిడి చూడని పిల్లల కోసం చెబుతున్నాను. పాత ఇనుప బకెట్టుకు లోపల మట్టి మెత్తుతారు. నడుమ ఇనుప జాలి పెడతారు. జాలి కింద గాలి పోవడానికి ఒక కంత ఉంటుంది. పైన బొగ్గులు, కింద బూడిద. కోస్తా వాళ్లు దీన్నే కుంపటి అంటారు. ఇంటింటికీ గ్యాసు వచ్చినా సిగిడి పని అయిపోలేదు. వానాకాలం హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద చూడండి, మక్క కంకులు కాల్చి అమ్మేవాళ్లు కనబడతారు.

మా సంఘంలో ఒక అవ్వకు ఆ కంకులే బతుకుదెరువు. భర్త పోయి మూడేళ్లయింది. ఆ ఏడు కంకుల కాలం మొదలైనా ఆమె రోడ్డు మీదికి పోలేదు. ఎందుకని చూడబోతే సిగిడి ముందు కూర్చుని విసనకర్రతో విసురుతోంది.

“బొగ్గే మంచిగ లేదయ్యగారూ. ఎంత ఇసిరినా రాజుకుంటలేదు” అంది.

బొగ్గు చేతిలోకి తీసుకుని చూశాను. సర్కారు తుమ్మ బొగ్గు, బాగా ఎండింది. దానికేం దోషం లేదు. వంగి కంతలోకి చూస్తే వెలుతురు కనబడలేదు. ఏటేటా పగుళ్ల మీద మట్టి మెత్తి, దాని మీద మళ్లీ మెత్తి, కంత వేలు దూరనంత అయింది. జాలి సందుల్లో బూడిద గడ్డకట్టింది. నిప్పుకు కింది నుంచి గాలి అందాలి. పైనుంచి ఎంత విసిరినా ఆ లోటు తీరదు.

“అవ్వా, పాత మట్టంతా తీసి కొత్తగా మెత్తుదాం” అన్నాను.

ఆమె సిగిడి మీద చెయ్యి పెట్టింది. “మట్టి తియ్యొద్దయ్యగారూ. మా ముసలాయన మెత్తింది. ఆయన చెయ్యి పడ్డది.”

నాకు మాట రాలేదు. ఒకపక్క ఆమె కడుపు, ఒకపక్క ఆయన చెయ్యి. ఇద్దరం కాసేపు అట్లాగే కూర్చున్నాం. చివరికి ఆమే అంది, “ఆయన ఉంటే గిట్ల కూసోనిస్తుండెనా!” అని లేచి సుత్తె తెచ్చింది.

పాత మట్టిని పెళ్లలు పెళ్లలుగా ఊడదీశాం. దాన్ని పారేయలేదు. కాలిన మట్టిని మెత్తగా దంచి కొత్త మట్టిలో కలిపితే ఆరేటప్పుడు పగుళ్లు తక్కువ వస్తాయి. ఈ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. పుట్టమన్ను, ఊక, కొంచెం పేడ, దంచిన పాత మట్టి కలిపి ఆమె తొక్కింది. నేను జాలి చువ్వలకు పట్టిన తుప్పు గీకాను. ఒక చువ్వ సన్నబడి విరిగితే కొత్తది వేశాను. సిగిడిని ఎండలో పెట్టకుండా నీడలో వారం రోజులు ఆరనిచ్చాం. మొదటి రోజు పుల్లలతో చిన్న మంట మాత్రమే పెట్టింది. మరునాడు బొగ్గు వేస్తే, విసనకర్ర నాలుగుసార్లు ఊపేసరికి ఎర్రబడింది.

ఒక మాట గట్టిగా చెప్పి వచ్చాను. చలికాలం రాత్రి సిగిడిని గదిలో పెట్టుకుని తలుపు మూసి పండుకుంటానని ఆమె అంది. పొగ లేదు గదా అని చాలామంది ఇట్లాగే చేస్తారు. ఎర్రటి బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. నిద్రలో ఉన్నవాడు లేవకపోవచ్చు. దయచేసి సిగిడిని బయటనే ఉంచండి. ఎవరైనా అట్లా పడిపోతే ముందు బయటి గాలికి తీసుకురండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రియులారా, బూడిద చెత్త కాదు. నిన్న నిజంగా మండిన నిప్పే నేడు బూడిద. అందుకే దాన్ని తీయడానికి మనకు మనసొప్పదు. నిన్నటి సాక్ష్యం, పదేళ్ల కింద చేసిన ఉపవాసం, పోయినవాళ్ల జ్ఞాపకం, ఇవన్నీ మంచివే. కాని జాలి మీద పేరుకుంటే ఇవ్వాళ్టి నిప్పుకు గాలి ఆడదు. అప్పుడు మనం బొగ్గును తిడతాం. సంఘం మంచిది కాదంటాం, పిల్లలు వినరంటాం, ఇంకా గట్టిగా విసురుతాం.

యాజకుడు బూడిదను పెంటకుప్పలో వేయలేదు, పవిత్రమైన చోట ఉంచాడు. మన అవ్వలు కూడా బూడిదతో అంట్లు తోముతారు, విత్తనాలకు పురుగు పట్టకుండా కలుపుతారు. దాని చోటు దానికుంది. ఆ చోటు పొయ్యి నడుమ మాత్రం కాదు.

రేపు పొద్దున్న ప్రార్థనకు కూర్చున్నప్పుడు, కొత్త నిప్పు అడగకముందు కంతలోకి ఒకసారి వంగి చూద్దాం.

ప్రభువా, నిన్న నీవు చేసిన మేలులకు స్తోత్రం. వాటి బూడిదను గౌరవంగా ఎత్తే చేతులు మాకు దయచేయుము. ఆమేన్.