లెక్కలోకి రాని రెండు పాయింట్లు

మాది మొయినాబాద్ మండలం చిన్న మంగళారం. ఇంట్లో కూర్చుంటే ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీతే. అందుకే ఆ ఆదివారం సాయంత్రం మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన చాపేసుకుని కూర్చున్నాను. లీచెస్‌లో మా కాలేజీ టీమ్‌కీ ఇంకో కాలేజీ టీమ్‌కీ టీమ్ బ్యాటిల్. గంట సేపు, మూడేసి నిమిషాల ఆటలు. మా తరఫున తొమ్మిది మందిమి.

గంట అయ్యేసరికి గెలిచాం. తేడా రెండంటే రెండే పాయింట్లు. సీనియర్ అన్న గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టాడు. అందులో ఐదు పేర్లున్నాయి. నాది లేదు.

ఎందుకు లేదో నాకు తెలుసు. టీమ్ స్కోరు అంటే అందరి పాయింట్ల మొత్తం కాదు. టోర్నీ పెట్టేవాళ్లు ముందే ఒక సంఖ్య పెడతారు. మాకు ఐదు పెట్టారు. ఒక్కో టీమ్‌లో ఎక్కువ పాయింట్లు తెచ్చిన ఐదుగురివే కలుపుతారు, వాళ్లనే లీడర్లంటారు. అలా చెయ్యకపోతే రెండొందల మందిని దింపిన టీమే ఎప్పుడూ గెలుస్తుంది. న్యాయమైన లెక్కే. నేను ఏడో స్థానంలో ఉన్నాను, అంతే.

కిందికి దిగితే నాన్న పొద్దున గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పోవాల్సిన పూలు సర్దుతున్నాడు.

"గెలిచిన్రా బిడ్డా?"

"గెలిచినం నాన్నా. కానీ నా పాయింట్లు కలపలే."

"మరి నువ్వు ఆడిందంతా ఎటు పోయినట్టు?"

జవాబు దొరకలేదు. ఆ రాత్రి నా ఆటలన్నీ మళ్లీ తెరిచి చూశాను.

పాయింట్ల పద్ధతి ఇలా ఉంటుంది. గెలిస్తే 2, డ్రా అయితే 1, ఓడితే 0. వరసగా రెండు గెలిస్తే స్కోరు పక్కన మంట గుర్తు వస్తుంది. అక్కడి నుంచి అన్నీ డబుల్: గెలుపుకి 4, డ్రాకి 2. గెలవని ఆట ఒక్కటి పడితే మంట ఆరిపోతుంది, మళ్లీ రెండు గెలిస్తేగానీ వెలగదు. ఇంకా బెర్సెర్క్ అని ఒక బటన్ ఉంది. నొక్కితే మన టైమ్ సగమైపోతుంది, గెలిస్తే ఒక పాయింటు ఎక్కువ.

మొదటి అరగంటలో నేను చేసిన పని చూసి నాకే సిగ్గేసింది. ఎలాగైనా ఆ ఐదుగురిలోకి ఎక్కాలని ప్రతి ఆటలో బెర్సెర్క్ నొక్కాను. వరసగా మూడు ఓడాను. టీమ్ బ్యాటిల్‌లో సొంత టీమ్‌వాళ్లతో మనకి ఆట పడదు. అంటే నేను ఓడిన ప్రతిసారీ గెలిచింది అవతలి టీమ్‌వాడే. ఆ ముగ్గురిలో ఇద్దరు వాళ్ల లీడర్లు. నా గెలుపులు మా లెక్కలోకి రాకపోవచ్చు, నా ఓటములు మాత్రం నేరుగా వాళ్ల లెక్కలోకి వెళ్లాయి.

ఆ తర్వాత 48వ నిమిషం ఆట. ఎదురుగా వాళ్లలో టాప్ ప్లేయర్, మంట మీదున్నాడు. అప్పటికి నేను ఆశ వదిలేసి బెర్సెర్క్ నొక్కకుండా ఆడుతున్నాను. రూక్ ఎండ్‌గేమ్‌లో ఒక పాన్ వెనకబడి ఉన్నా కోటలా కూర్చున్నాను. అతని టైమ్ అయిపోయింది. నాకొచ్చిన 2 పాయింట్లు ఎక్కడా కలవలేదు. కానీ అతను గెలిచి ఉంటే వాళ్లకి 4 కలిసేవి. రెండుతో గెలిచిన మేం రెండుతో ఓడేవాళ్లం.

2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్ గుర్తొచ్చింది. అక్కడి లెక్క వేరు. టీమ్‌లో ఐదుగురు, రౌండుకి నలుగురు ఆడతారు, ఆ నాలుగు బోర్డుల ఫలితమూ లెక్కే. మ్యాచ్ గెలిస్తే 2, సమమైతే 1. మన పురుషుల జట్టు 11 రౌండ్లలో 22కి 21 తెచ్చి స్వర్ణం గెలిచింది. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి 11 రౌండ్లూ ఆడి 10 పాయింట్లు తెచ్చాడు. గుంటూరు పెంటేల హరికృష్ణ ఆడింది మూడు ఆటలే. మిగతా ఎనిమిది రౌండ్లు బోర్డు ముందు కూర్చోలేదు. జట్టు పతకం మాత్రం ఇద్దరికీ ఒకటే, స్వర్ణం.

పొద్దున్నే పూల మూటలు ఆటోలోకి ఎక్కిస్తూ నాన్నకి ఆ 48వ నిమిషం ఆట గురించి చెప్పాను. చదరంగం ఆయనకి రాదు. అంతా విని, "అయితే నువ్వు పెట్టలే గానీ, వాళ్లని తియ్యనియ్యలే" అన్నాడు.

వచ్చే ఆదివారం మళ్లీ బ్యాటిల్ ఉంది. ఐదుగురిలో నా పేరు ఉండాలనే ఉంది, అబద్ధమెందుకు. కానీ ఊరికే బెర్సెర్క్ మాత్రం నొక్కను. సాయంత్రానికి మేడ మీద చాప వేసే ఉంటుంది.