కలం పట్టే చేయి

ఉర్దూ కితాబత్ వృత్తిలో మెడ వంచని రోజు ఉండదు. మా అబ్బాజాన్ ముప్పై యేండ్లపాటు మోకాలిపై పలక ఆనించుకొని, రెల్లు కలంతో నస్తాలీఖ్ అక్షరాలను దిద్దినవారు. 1990 దశకంలో పత్రికాలయాలలో కంప్యూటర్లు ప్రవేశించి ఆ వృత్తిని మింగివేసినా, పెండ్లి పత్రికలు వ్రాయడం మాత్రం ఆయన మానలేదు.

నొప్పి మెడలో పుట్టి, భుజం మీదుగా దిగి, కుడిచేతి బొటనవ్రేలినీ చూపుడువ్రేలినీ చేరింది. కలం పట్టేవి ఆ రెండు వ్రేళ్ళే గదా! నమాజు చివర సలాం చెప్పుటకు కుడివైపు ముఖం త్రిప్పినప్పుడు చేతిలోనికి నిప్పు ప్రాకినట్లుండేదట. నెత్తిపై చేయి పెట్టుకుంటే కొంత ఉపశమనం. ఆ భంగిమ చూచి అమ్మీ కలత చెందేది: “అలా కూర్చోకండి, ఇంటికి మంచిది కాదు.” వైద్యుడు మాత్రం ఆ మాట వినగానే శ్రద్ధగా తల ఎత్తినాడు. చేయి పైకెత్తినప్పుడు నాడిపై లాగుడు తగ్గుతుంది. అందుచేత అది రోగనిర్ణయానికి పనికివచ్చే గుర్తు.

మెడలో ఎముకలు ఏడు; వాటి నడుమ నుండి వెలువడే నాడులు ఎనిమిది జతలు. ఐదవ, ఆరవ ఎముకల మధ్య మెత్తని బిళ్ళ అరిగి ఉబ్బి, ఆరవ నాడిని ఒరుసుకొనుచున్నదని స్కానింగులో తేలింది. ఇట్టి బాధ పెక్కుమందికి కొన్ని వారాలలోనో నెలలలోనో తనంత తానే తగ్గుతుందట. అబ్బాజాన్ మాత్రలతో, వ్యాయామాలతో ఐదు నెలలు ఓపిక పట్టినారు. తగ్గలేదు. అప్పుడు వచ్చింది స్టెరాయిడ్ ఇంజెక్షను ప్రస్తావన.

ఆ మాటకే ఇంటిల్లిపాదీ బెదిరినాము. వీధి వైద్యులు ప్రతి నొప్పికీ స్టెరాయిడ్ గుచ్చి ముఖాలు ఉబ్బజేసిన ఉదంతాలు మా బస్తీలో తక్కువా? నిజానికి ఆ మందుకు గొప్ప చరిత్రే ఉన్నది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్ళవాత రోగికి కార్టిజోన్ ఇచ్చిన కొద్దిరోజులకే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. అయితే ఈ మందు నాడి చుట్టూ ఉన్న వాపును తగ్గించునే గాని, జరిగిన బిళ్ళను తిరిగి లోనికి నెట్టదు. ఉపశమనం సాధారణంగా తాత్కాలికమే.

ప్రమాదమూ లేకపోలేదు. వెన్నెముకలో ఇచ్చే ఈ ఇంజెక్షన్ల వలన అరుదుగా పక్షవాతం, చూపు కోల్పోవుట, మరణం సైతం సంభవించవచ్చునని 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మెడలో రక్తనాళాలు మరీ దగ్గర. రేణువులున్న మందు వాటిలో పడితే మెదడుకు రక్తం అందక పోవచ్చును. అందుచేత రేణువులు లేని డెక్సామెథసోన్‌ను ఎంచుకొంటామనీ, ఎక్స్‌రే తెరపై రంగుమందు ఎటు ప్రవహించునో చూచి గాని అసలు మందు ఎక్కించమనీ వైద్యుడు విడమరచి చెప్పినాడు. దాపరికం లేని ఆ మాటే మాకు ధైర్యమిచ్చింది. తమ్ముడు మాత్రం చివరి వరకూ వద్దనే అన్నాడు. అబ్బాజాన్ అతని మాట పూర్తిగా విని, “చేయి నాది, బేటా” అని సంతకం చేసినారు. ఎడమచేత్తో.

సూది పని అరగంట కూడ పట్టలేదు. నాలుగవ నాటికి మంట చల్లారింది, నిద్ర వచ్చింది. మధుమేహం ఉన్నందున రక్తంలో చక్కెర వారంపాటు హెచ్చి, మందు మోతాదు పెంచవలసి వచ్చింది. బొటనవ్రేలి తిమ్మిరి మాత్రం వదలలేదు. ఇప్పుడు అలీఫ్ తిన్నగానే దిగుచున్నది గాని, నూన్ వంపు దగ్గర కలం ఒకింత తడబడుచున్నదని ఆయనే చూపినారు; నా కంటికైతే ఆ తేడా కనబడలేదు. రెండవ ఇంజెక్షను సంగతి రంజాన్ గడచిన తరువాత చూద్దామని వాయిదా వేసి, పలకను మోకాలిపై గాక వాలు బల్లపై పెట్టుకొని వ్రాయుచున్నారు.