కుంటి పిల్లి

పిల్లి యెదురైతే ఆగిపోయేవాళ్ళు లోకంలో చాలామంది వున్నారు. నేనూ ఆగుతాను. శకునానికి జడిసి కాదు, సిగ్గుచేత. ఆ సిగ్గుకి ఇప్పుడు యాభై యేళ్ళు నిండాయి. ఇన్నాళ్ళూ యెవరికీ చెప్పలేదు. ఈ వయస్సులోనైనా చెప్పి బరువు దించుకుందామని కలం పట్టాను.

1974లో మేము గోదావరిఖనిలో వుండేవాళ్ళం. మా బాపు బొగ్గుబాయిలో కోల్‌ఫిల్లరు. అక్కడి బాయిలు అప్పటికింకా కొత్తవే. మంథని వైపునుంచి కొందరు, జగిత్యాల వైపునుంచి కొందరు, ఓరుగల్లు పల్లెలనుంచి మరికొందరు బతుకుతెరువుకని వచ్చి గుడిసెలు వేసుకున్నారు. యెవరి వూరి దేవత వారి వెంట వచ్చింది. యెవరి వూరి దయ్యమూ వారి వెంటే వచ్చింది.

ఆ దయ్యాలన్నిటిలోకీ పెద్దది బాణామతి. ఇంటిమీద రాళ్ళు పడ్డా, పెట్టెలో బట్టలు కాలినా, ఆడమనిషి వున్నట్టుండి కుక్కలా అరిచినా అది బాణామతే. చేసే మనిషి పగలు మనలాగే నీళ్ళకు వస్తాడు, బీడీ అడుగుతాడు. రాత్రయితే పిల్లో కుక్కో అయి, పగబట్టిన ఇంటిచుట్టూ తిరుగుతాడు. ఇదీ మేము పెద్దలనోట విన్న శాస్త్రం.

దానికి విరుగుడూ పెద్దలే చెప్పారు. గుమ్మానికి గుమ్మడికాయ, నిమ్మకాయతో మిరపకాయలు, మెడలో తాయెత్తు, దిండుకింద ఇనుపముక్క. యెండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసేవారు. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టే. ఇవన్నీ బాగానే వున్నాయి. వీటివల్ల యెవరికీ నష్టం లేదు, కాసిని మిరపకాయలు తప్ప. కాని ఇంకొక విరుగుడు వుంది. అది మన గుమ్మానికి కట్టేది కాదు, యెదుటివాడి నోటికి చేసేది. అనుమానం వున్న మనిషిని పట్టుకుని ముందుపళ్ళు రాలగొట్టడం. పళ్ళు లేని నోట మంత్రం సరిగా పలకదని నమ్మకం.

ఆ యేడు మా చెల్లెలికి జబ్బుచేసింది. నాలుగేళ్ళ పిల్ల. అర్ధరాత్రి కళ్ళు తేలవేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుని, నోట నురుగు కక్కేది. మా అవ్వ తాయెత్తులు కట్టించింది, మిరపకాయలు కాల్చింది. రాత్రిళ్ళు నన్ను గుమ్మం దగ్గర పడుకోబెట్టేది. నాకు పదేళ్ళు.

ఒకనాటి రాత్రి గోడమీద నల్లపిల్లి కనిపించింది. భయపడి చేతికందిన బొగ్గుపెళ్ళ విసిరాను. తగిలిందో లేదో నాకు తెలియదు. పిల్లి చీకట్లోకి దూకింది. జరిగింది ఇంతే.

తెల్లవారింతర్వాత మా వెనకింటి పెద్దవ్వ కాలికి గుడ్డ కట్టుకుని కుంటుతూ నీళ్ళకు వచ్చింది. పెద్దవ్వకు ముందూ వెనకా యెవరూ లేరు. బూడిదకుప్పల్లో సగం కాలిన బొగ్గు యేరి అమ్ముకునేది. నా జేబులో అప్పుడప్పుడు పుట్నాలు పోసేది. ఆమె కుంటడం చూసి మా అవ్వ ముఖం తెల్లబోయింది.

“పిల్లి ఎటు పోయిందిరా?” అని అడిగింది.

చుట్టూ నలుగురు ఆడవాళ్ళు చేరారు. అంతమంది పెద్దవాళ్ళు నా మాటకోసం చెవులొగ్గి నిలబడటం అదే మొదటిసారి. “పెద్దవ్వ ఇంట్లకే పోయింది” అన్నాను.

“ఏ కాలుకు తాకిందిరా?”

పెద్దవ్వ కాలివైపు చూశాను. “యెడమ కాలుకే” అన్నాను.

మధ్యాహ్నానికి పదిమంది మగవాళ్ళు పోగయ్యారు. ఒకడి చేతిలో పటకారు వుంది. పెద్దవ్వను ఇంట్లోంచి ఈడ్చుకువచ్చి మా ఇంటిముందు కూలేశారు. ఆమె యేడవలేదు. నావైపే చూస్తూ, “నువ్వు సూసినవా బిడ్డా?” అని మాత్రం అడిగింది. నేను అవ్వ కొంగుచాటుకి తప్పుకున్నాను.

నైట్‌షిఫ్టు చేసి వచ్చి బాపు లోపల నిద్రపోతున్నాడు. ఆ గొడవకు లేచి వచ్చాడు. అందరూ చెప్పింది విన్నాడు. నన్నేమీ అడగలేదు. లుంగీ మోకాలుదాకా యెత్తి, యెడమకాలి పిక్కమీద పచ్చిగా వున్న గాయం చూపించాడు. టబ్బు రాచుకుపోయిందట.

“నా కాలుకు గూడ దెబ్బుంది. రాత్రి పిల్లిని నేనేనా? ముందుగాల నా పండ్లు పీకుండ్రి” అన్నాడు. తరువాత పటకారు పట్టుకున్నవాడి కాలు చూపించమన్నాడు. వాడి కాలిమీదా వుంది. అందరి కాళ్ళమీదా వున్నాయి, కొత్తవో పాతవో. బొగ్గుపొడి లోపల వుండిపోయి మానిన గాయం చర్మం కింద నీలంగా మిగిలిపోతుంది. బాయిలో దిగే మనిషికి అది పచ్చబొట్టు. యెవరో ఫక్కున నవ్వారు. గుంపు మెల్లగా విడిపోయింది.

పెద్దవ్వ పళ్ళు దక్కాయి. కాని ఆ తరువాత ఆమె బొగ్గు యెవరూ కొనలేదు. బావి దగ్గర ఆమె చేద యెవరూ ముట్టలేదు. వారం తిరక్కుండా మూట కట్టుకుని పోయింది. యే వూరికో నాకు తెలియదు. మా చెల్లెల్ని బాపు దవాఖానాకు తీసుకుపోయాడు. అది మూర్ఛరోగమని డాక్టరు చెప్పి మాత్రలిచ్చాడు. ఇవాళ దానికి మనవలు.

పెద్దయ్యాక అమెరికాలోని నవహో జాతి వారిని గురించి చదివాను. వారి మంత్రగాళ్ళు తోడేలు తోలో, కొయోటీ అనే నక్కవంటి జంతువు తోలో కప్పుకుని రాత్రిళ్ళు ఇళ్ళచుట్టూ తిరుగుతారని నమ్మకం. ఇంటి పైకప్పుమీద చప్పుడైతే వాళ్ళకీ గుండె ఝల్లుమంటుంది. మన తాయెత్తులాగే వాళ్ళు జంతువుల పిత్తంతో చేసిన మందు దగ్గర వుంచుకుంటారు. క్లైడ్ క్లక్‌హాన్ అనే పండితుడు 1944లో దీనిమీద ఒక గ్రంథమే రాశాడు. వారి కథల్లోనూ రాత్రి మృగానికి దెబ్బ తగులుతుంది, తెల్లవారితే యెవరో మనిషి వొంటిమీద గాయం కనపడుతుంది! చదువుతూ పుస్తకం మూసేశాను. వారి నేలకిందా బొగ్గే వుంది. కయెంటా గని 2019దాకా నడిచింది. 1864లో సైన్యం వారిని స్వస్థలంనుంచి తరిమింది. 1868లో తిరిగి వచ్చారు. పదేళ్ళకు, 1878లో, మంత్రగాళ్ళని అనుమానించి తమవాళ్ళనే యెందరినో చంపుకున్నారు. కష్టం వచ్చినప్పుడు దానికో ముఖం కావాలి కాబోలు. మా వాడలో ఆ ముఖం పెద్దవ్వది.

ఇదంతా పాతకథ అని కొట్టిపారేద్దామంటే వీలులేదు. 1983లో మెదక్ జిల్లాలో బాణామతి భయం ప్రబలితే, విజయవాడ నాస్తిక కేంద్రం వారు డాక్టర్లతోసహా పల్లెలు తిరిగి నచ్చజెప్పవలసి వచ్చింది. పొరుగున మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇటువంటి దురాచారాలమీద చట్టాలు చేశాయి. ఆ తరువాత కూడా, 2022 జనవరిలో, మా గోదావరిఖనికి యెంతో దూరం లేని జగిత్యాలలో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ మంత్రగాళ్ళన్న అనుమానంతో చంపారు. ఆ వార్త చదివిననాడు నాకు అన్నం సయించలేదు. అక్కడ కూడా మొదట యెవరో “నేను చూశాను” అని వుంటారు.

బాపు పోయేముందు ఒకసారి అడిగాను, ఆనాడు నన్నెందుకు నిలదీయలేదని. “అడిగితె నువ్వు మల్ల అదే చెప్తువు. రెండోసారి చెప్పినంక అబద్ధం గట్టిపడ్తది” అన్నాడు.

నా పెరట్లోకి ఇప్పుడూ ఒక నల్లపిల్లి వస్తుంది. చిన్న గిన్నెలో పాలు పోసి పెడతాను. పుట్నాల అప్పు అట్లా తీరదని నాకు తెలుసు.