షెడ్డుకి ఒకపూట తాళం వేస్తే ఏమవుతుంది, వదినా?

అన్నయ్యగారు ఈసారీ ఎగ్జిబిషన్‌కి రానంటున్నారట కదా వదినా! షెడ్డుకి తాళం వేస్తే ప్లేటింగ్ బ్యారెల్లో లోడు ఎవరు చూస్తారు అంటున్నారని మీ చిన్నాడు చెప్పాడు. ఎలాగైనా ఒప్పించి పంపండి. బెంగళూరు పీణ్యలో ప్లేటింగ్ షెడ్డు పెట్టుకుని, పక్కనే ఉన్న బీఐఈసీ ప్రదర్శన కేంద్రం గడప తొక్కకపోతే ఎలా? 2024 నవంబరు నుంచి మెట్రో కూడా దాని దగ్గరున్న మాదావర దాకా పోతోంది.

యంత్రాల ప్రదర్శన ఐమ్‌టెక్స్ 2007 నుంచి అక్కడే జరుగుతోంది. బేసి సంవత్సరాల్లో లోహం కోసే యంత్రాలు, సరి సంవత్సరాల్లో వంచే, నొక్కే యంత్రాలు. మన జింక్ తొట్టెలకీ వాటికీ ఏం సంబంధం అంటారేమో. అక్కడ కోసిన ముక్కే కదండీ రేపు మన తొట్టెలో పడేది! అంచున గరుకు మొనలు (బర్రు) మిగిలినా, నూనె సరిగా పోకపోయినా పూత నిలవదు. తిట్లు మాత్రం ప్లేటింగ్ వాళ్ళకే. బర్రు తీసే మిషన్లు, కడిగే మిషన్లు చూసి, నడిపేవాళ్ళనే నిలదీసి అడగొచ్చు.

పూతలకే పెట్టే ప్రదర్శనలైతే మరీ మేలు. పోయినసారి మావారు బొబ్బలు లేచిన క్లాంపులు నాలుగు కవర్లో వేసుకెళ్ళారు. ప్రతి స్టాల్లోనూ మెరుపు కోసం కొత్త బ్రైటెనర్ వాడి చూడమన్నారట. ఒక పెద్దాయన మాత్రం క్లాంపు గోటితో గీకి, "యాసిడ్ తర్వాత ఎన్ని నీళ్ళలో ముంచుతున్నారు?" అని అడిగారు. తర్వాత వాళ్ళ ల్యాబుకి పిలిచి హల్ సెల్‌లో చూపించారు. 267 మిల్లీలీటర్ల తొట్టె, ఒక గోడ ఏటవాలుగా ఉంటుంది. అందులో రేకు పెట్టి కాసేపు కరెంటు ఇస్తే, ఎక్కువ కరెంటు పడిన కొసన మాడు, మధ్యలో మెరుపు, తక్కువ పడిన కొసన మసక. తొట్టె ఆరోగ్యమంతా ఒక్క రేకు మీద కనిపిస్తుంది. ఇంత చదువు ఫోన్లో ఎవరు చెప్తారు వదినా?

ఇంకోటి చెప్పాలి. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో హెక్సావాలెంట్ క్రోమియంకి యూరప్ 2006 జులై నుంచే కళ్ళెం వేసింది. మనం జింక్ పూత మీద వేసే పసుపు పాసివేషన్‌లో ఉండేది అదే. క్యాన్సర్ తెచ్చే విషం, భూమిలోకి దిగితే బోరు నీళ్ళూ పాడే. దాని బదులు ట్రైవాలెంట్ క్రోమియం వాడాలంటే పీహెచ్, వేడి, ముంచే సమయం అన్నీ మళ్ళీ కుదుర్చుకోవాలి. అదీ ప్రదర్శనలో ముందే అడిగి తెలుసుకోవాలి. కస్టమరు అడిగాక మొదలుపెడితే ఆర్డరు పక్క షెడ్డుకి పోతుంది. మన పిల్లలు ఆ తొట్టెల పక్కనే కదా నిలబడేది, నాకు ఆర్డరు కంటే ఆ బెంగే ఎక్కువ.

అందుకే చెప్తున్నా, చిన్నాణ్ణి కూడా వెంట పంపండి. చెడిన ముక్కలు తప్పకుండా తీసుకెళ్ళమనండి. మావారు గురువారం పొద్దున్నే బయల్దేరుతున్నారు, ముగ్గురూ కలిసి వెళ్తారు.