వేటపాలెం చిన్న కత్తి

వంటింటి కత్తులు చేత్తో చేయడం నాకు ఉద్యోగం కాదు, పిచ్చి. గుంటూరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో బెల్టు గ్రైండరు, బొగ్గుల కొలిమి, లారీల నుంచి తీసేసిన కమాన్ పట్టీలు. ఇదీ నా ఆస్తి. జానెడు కత్తయితే గ్రైండరు ముందు రెండు చేతులతో నిబ్బరంగా పట్టుకోవచ్చు. వేలెడంత కత్తితోనే తంటా. ఇనుము చిన్నదయ్యేకొద్దీ వేళ్లు బెల్టుకి దగ్గరవుతాయి. అందుకే కత్తులు చేసేవాళ్లు చాలామంది చెక్క దిమ్మెకో అల్యూమినియం దిమ్మెకో గట్టి మ్యాగ్నెట్లు పొదిగి, కత్తి రేకును దానికి అంటించి, దిమ్మెను పట్టుకుని అరగదీస్తారు. నేనూ ఒకటి చేసుకున్నాను. వేటపాలెంలో జీడిపప్పు పొట్టు గీకే ఆడవాళ్ల కోసం చిన్నచిన్న కత్తులు చేసే ముసలి కమ్మరి ఒకాయన ఉన్నాడని, రోజంతా ఆయన చేసే పని అదేనని మా మేనమామ చెప్పాడు. అన్నేళ్లు ఆ పని చేసినా పదివేళ్లూ ఎలా మిగుల్చుకున్నాడో చూడాలనిపించింది.

తెనాలిలో బండి మారాను. గుంటూరు వైపు మిరప ఘాటు, తెనాలి చుట్టూ వరి మాగాణి, బాపట్ల దాటేసరికి ఇసుక నేల, సరుగుడు తోటలు, జీడిమామిడి చెట్లు. రెండు గంటల ప్రయాణంలో ఇన్ని రకాల నేలలు కనిపించే దారి మన వైపు ఇంకొకటి లేదని నా నమ్మకం. స్టూవర్టుపురం, చీరాల, జాండ్రపేట, ఆ తర్వాత వేటపాలెం. పాత మనుషులు ఇప్పటికీ ప్రకాశం జిల్లా అనే అంటారు కానీ, 2022 నుంచి ఇది బాపట్ల జిల్లా.

కొలిమి దగ్గరికి వెళ్లేసరికి మేస్త్రీ అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. "కరెంటు లేదు అబ్బాయ్. పన్నెండింటికి వచ్చుద్ది. లైబ్రరీ చూసొస్తావో, సముద్రం చూసొస్తావో నీ ఇష్టం" అన్నాడు.

రెండూ చూశాను. సారస్వత నికేతనం 1918లో పుట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశాడు. అప్పుడు విరిగిన ఆయన చేతికర్రను ఇంకా భద్రంగా దాచారు. ఇంత చిన్న ఊళ్లో అన్ని పాత పత్రికలు చూస్తే, పెద్ద నగరాల వాళ్లు కొంచెం సిగ్గుపడాలి.

అక్కడి నుంచి ఆటోలో రామాపురం బీచికి వెళ్లాను. అలలు వెనక్కి పోయిన చోట ఇసుక మీద సన్నని నల్లచారలు ఉంటాయి. సంచిలోంచి నా అయస్కాంతపు దిమ్మె తీసి, ప్లాస్టిక్ కవరు చుట్టి ఆ చారల మీదుగా లాగాను. నల్లని నూగు దట్టంగా పట్టుకుంది. అది మాగ్నటైట్, ఇనుప ఖనిజం. చార అంతా అదే అనుకోకూడదు. పక్కనే ఉండే ఇల్మనైటూ నల్లగానే ఉంటుంది కానీ, మామూలు అయస్కాంతానికి అంత తేలిగ్గా లొంగదు. కవరు ఊడదీసి తిరగేస్తే నూగంతా రాలిపోయింది. గ్రైండరు దగ్గరా ఇదే చిట్కా. అయస్కాంతాన్ని గుడ్డలోనో కవరులోనో చుట్టకపోతే దాని మీద చేరిన ఇనుప రజను వదిలించడం బ్రహ్మప్రళయం. ఆ రజను కత్తికీ దిమ్మెకీ మధ్య ఇరుక్కుంటే రేకు ఆనదు, కదులుతుంది, ఒక పక్క ఎక్కువ అరిగిపోతుంది.

మన నేలకి ఇనుము కొత్త కాదు. ఒంగోలు పక్కన కొణిజేడు కొండల్లో మాగ్నటైట్ రాయి ఉంది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు స్వయంగా ఆ ఊరికి వచ్చేవాళ్లని, హెన్రీ వాయిసీ రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. ఇక్కడికి కొద్ది దూరంలోనే మోటుపల్లి. ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే సరుకు లాక్కోబోమని కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దంలో వర్తకులకి శాసనం మీద మాటిచ్చిన రేవు అది. కోనసముద్రం ఉక్కు ఈ రేవు నుంచే ఓడెక్కిందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు కాబట్టి చెప్పను. చెప్పాలని మాత్రం నోరు ఊరుతూనే ఉంది.

నేను కొలిమికి తిరిగొచ్చేసరికి కరెంటు వచ్చింది. మేస్త్రీ మోటారు వేశాడు. ఆయనకి బెల్టు లేదు, రాతి చక్రమే. పక్కన నీళ్ల బకెట్టు. చేతిలో తుమ్మచెక్క దిమ్మె, దానికి మేకులతో బిగించిన పాత స్పీకరు మ్యాగ్నెట్, అంచున చిన్న ఇనుప పెదవి. ఆ పెదవి చూడగానే పని తెలిసిన మనిషని అర్థమైంది. ఇరవై కిలోల బలంతో నిటారుగా లాగితే గానీ ఊడని అయస్కాంతం కూడా, పక్కకి తోస్తే అందులో నాలుగో ఐదో వంతు బలానికే జారిపోతుంది. తిరిగే చక్రం తోసేది పక్కకే. వెనక ఆపు లేని దిమ్మె మీద కత్తిని నమ్మి పెట్టామంటే, అది చక్రం లాక్కుపోయి ఎటు విసురుతుందో దేవుడికే తెలియాలి.

నా దిమ్మె చూపించాను. తిరగేసి చూశాడు. "ఇది ఆ తెల్లగా మెరిసే జాతి కదా, మహా గట్టిగా పట్టుద్ది. కానీ వేడికి ఆగదు" అన్నాడు. నిజమే. మామూలు రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే పట్టు కోల్పోతుంది, చల్లారినా మొత్తంగా తిరిగి రాదు. స్పీకరులో ఉండే నల్ల ఫెర్రైటు దానికంటే బలహీనం, కానీ 250 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. గ్రైండింగ్ పనికి ఏది మేలని నన్నడిగితే ఇప్పుడు ఫెర్రైటుకే నా ఓటు.

అంతసేపు చూశాక ఒకటి గమనించాను. కమాన్ పట్టీ నుంచి కోసిన పచ్చి రేకుల్ని దిమ్మెకి అంటించి ధీమాగా అరగదీస్తున్నాడు. కాచి నూనెలో దించి పదును పెట్టిన రేకులకి వచ్చేసరికి దిమ్మె పక్కన పడేసి, వట్టి వేళ్లతో, రేకు వెనక పలచటి చెక్కముక్క ఆనించి, ఒక్క గీత గీసి నీళ్లలో ముంచుతున్నాడు. గ్లౌజులు కూడా లేవు. "ఇదేంది మేస్త్రీ, ప్రమాదమైన చోట చెయ్యి, ప్రమాదం లేని చోట మ్యాగ్నెట్టా?" అన్నాను.

"పచ్చి ఇనుము ఎంత కాలినా దానికి పోయేదేముందయ్యా? మళ్లీ కొలిమిలోకేగా పోయేది. పదునెక్కినాక అట్టా కాదు. వేలికి చుర్రుమంటే తీసెయ్యాలి. మ్యాగ్నెట్టు నాకు చుర్రుమని చెప్పిద్దా?"

పదునెక్కిన కార్బను ఉక్కు అంచు గ్రైండరు మీద 200 డిగ్రీలు దాటి వేడెక్కుతూ పోతే గడ్డిరంగు, గోధుమ, ఊదా, నీలం ఇలా రంగులు తిరుగుతుంది. నీలం కనబడే సరికి 300 డిగ్రీలు, ఆ చోట గట్టిదనం పోయినట్టే. కత్తి అంచు కాగితమంత పలచన కాబట్టి అది క్షణాల్లో జరిగిపోతుంది. చూపు కంటే ముందు తెలిసేది వేలికే. అయస్కాంతపు దిమ్మె వేలిని కాపాడుతుంది, అదే సమయంలో ఆ కబురు వేలికి చేరకుండా ఆపేస్తుంది. నేను చదివిన సలహాల్లో ఎక్కువ భాగం మ్యాగ్నెట్ ఎంత బలంగా ఉండాలన్న దాని మీదే. ఎప్పుడు పక్కన పెట్టాలన్నది ఈ కొలిమిలో విన్నాను.

ఆయన రేకులన్నీ ఒకే జాతివి కావు. కొన్ని లేతు వర్కుషాపుల్లో అరిగిపోయిన పవర్ హాక్సా బ్లేడ్లు. వాటిని పదును తర్వాత కూడా దిమ్మె మీదే లాగించేస్తాడు. అవి హైస్పీడు స్టీలు, 500 డిగ్రీల దాకా వేడెక్కినా మెత్తబడవు. ఏది ఏదో తేల్చేది నిప్పురవ్వే. కమాన్ పట్టీ రవ్వ తెల్లగా వెళ్లి చివర కాకరపువ్వొత్తిలా విచ్చుకుంటుంది. హాక్సా రవ్వ ఎర్రగా, మందంగా, విచ్చుకోకుండా రాలిపోతుంది.

ఇంకో స్పీకరు మ్యాగ్నెట్ కొలిమి పక్కన తీగకి వేలాడుతోంది. దాని పని వేరు. ఎర్రగా కాలిన రేకును దానికి చూపిస్తాడు, అంటుకుంటే ఇంకా కాలాలి. సుమారు 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతం మాట వినడం మానేస్తుంది. అంటుకోని క్షణం చూసి, ఇంకాస్త కాచి నూనెలో దించుతాడు. థర్మామీటరు కొనలేక చేసే పని అనుకోనక్కర్లేదు, ప్రపంచంలో కత్తులు చేసేవాళ్లు ఇప్పటికీ నమ్మే పరీక్ష ఇది.

సాయంత్రం పక్క వీధిలో జీడిపప్పు షెడ్డుకి తీసుకెళ్లాడు. ఉడికించి, కటింగు మిషను మీద పెంకు కోసి, ఆరబెట్టిన పప్పుకి గులాబీ రంగు పొట్టు అంటుకుని ఉంటుంది. చాలావరకు వేళ్లతోనే ఊడుతుంది, మొండిగా ఉన్నదానికే కత్తి. పప్పు గుండుగా ఉంటే ఒక ధర, బద్దయితే ఇంకో ధర. 320 రకం అంటే పౌనుకి 300 నుంచి 320 పప్పులు తూగేది. ఒక్క గాటు పడితే ఆ లెక్కలోంచి జారిపోతుంది. నేను తెచ్చిన కత్తి ఒక అక్క చేతికిచ్చాను. రెండు పప్పులు గీకి, కొన వేలితో తడిమి, "మరీ వాడిగా ఉందన్నా, పప్పుని కోసేత్తది" అంది. తర్వాత అంచుని తెల్లగుడ్డకేసి రుద్ది చూపించింది. సన్నని నల్ల గీత. "ఈ రజను పప్పుకంటిద్ది. మేస్త్రీ ఇచ్చే వాటికీ అప్పుడప్పుడూ ఇదే గొడవ."

దిమ్మె వాడకంలో ఇదే అసలు చిక్కు. బలమైన అయస్కాంతానికి అంటి ఉన్న గట్టి ఉక్కు తనే కొంచెం అయస్కాంతమవుతుంది, ఇనుప రజనుని అంచున పట్టి ఉంచుతుంది. కడిగినా పూర్తిగా పోదు. ఏసీ కరెంటు పారే తీగచుట్టలోంచి కత్తిని మెల్లగా దూరంగా లాగితే ఆ గుణం పోతుంది. పాత గడియారాలు బాగుచేసే వాళ్ల దగ్గర దానికి చిన్న పెట్టె ఉంటుంది. మేస్త్రీ ఈ మాట విని, అప్పటికప్పుడు పదిహేను కత్తులు గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. చీరాలలో దిగి గడియారాల షాపు వెతికి, మూట విప్పి బల్ల మీద పరిచాను. షాపాయన కత్తులకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి, ముందు తన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.