ఖుర్తుబాలో ఒక శుక్రవారం

“ఉమ్రా అయినా చేయని వాళ్ళం, మనకు ఈ ఐరోపా షికారు ఏమిటండీ?” అని నా శ్రీమతి అడిగినప్పుడు నా దగ్గర తగిన జవాబు లేకపోయింది.

జర్మనీలో చదువుకుంటున్న మా అబ్బాయి దగ్గర నెలరోజులు ఉండి వద్దామని వెళ్ళాము. రానుపోను టికెట్లు వాడే, చదువుకుంటూ చేసే చిన్న ఉద్యోగం జీతంతో కొన్నాడు. మరో వారంలో తిరుగు ప్రయాణం అనగా ఒక రాత్రి, “అబ్బా, ఖుర్తుబా చూసి వద్దామా? సెవిల్‌ దాకా చౌక విమానం ఉంది. అక్కడి నుండి బస్సులో రెండు గంటల ప్రయాణం” అన్నాడు. ఆ పేరు చెవిన పడగానే నాకు మా అబ్బాజాన్ గుర్తుకు వచ్చారు. ఆయన ఉర్దూ ఉపాధ్యాయులు. ఇషా నమాజు తరువాత వరండాలో నులకమంచం మీద కూర్చొని, ఇక్బాల్ రచించిన ‘మస్జిదె ఖుర్తుబా’ను కళ్ళు మూసుకొని చదివేవారు. ఆయన పక్క ఊరికి వెళ్ళాలన్నా బస్సు చార్జీ లెక్కపెట్టుకొని బయలుదేరిన మనిషి. స్పెయిన్‌ దేశం పటంలో ఎక్కడుందో మాకు వేలు పెట్టి చూపించేవారు.

మా ఆవిడ చివరకు ఒక షరతుతో ఒప్పుకుంది. ఉమ్రా కోసం దాచిన సంచి ముట్టరాదు. ముగ్గురికీ కలిపి, విమానంతో సహా, 400 యూరోలు దాటరాదు. ఖర్చు పుస్తకం ఆమె చేతిలోనే ఉంటుంది. ఇస్రాఫ్ గురించి జుమా ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నాను గాని, దాని అర్థం ఆ మూడు రోజులలో ఆ చిన్న పుస్తకం ముందు కూర్చున్నప్పుడే బోధపడింది. విమానానికి 138, బస్సుకు 72, రెండు రాత్రుల బసకు 96. మిగిలింది 94 యూరోలు. అందులోనే తిండి, అందులోనే చూడవలసినవి.

ఫిబ్రవరి నెల కావడం మాకు కలిసివచ్చింది. వేసవిలో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బెజవాడ వాళ్ళకు అది కొత్త కాదు గాని, ధరలు కూడా ఎండతో పాటే మండుతాయి. మేము గది తీసుకున్నది పాత నగరంలో కాదు, నదికి ఇవతలి ఒడ్డున. రోమన్ వంతెన దాటితే మస్జిదే. ఆ వంతెన మీద ఇప్పుడు వాహనాలు తిరగవు, నడకే. కాబట్టి ఊరిలో ఉన్నన్నాళ్ళూ మాకు ప్రయాణ ఖర్చన్నది లేదు.

తిండి విషయంలో మాత్రం డబ్బుకన్నా హలాల్ సమస్యే పెద్దది. ఏ దుకాణం చూసినా పైకప్పు నుండి పంది తొడలు వ్రేలాడుతుంటాయి. మా అబ్బాయి ముందే మూడు మాటలు నేర్పాడు: ‘సెర్దో’ అంటే పంది, ‘మాంతెకా’ అంటే కొవ్వు, ‘వినో’ అంటే మద్యం. బిస్కట్లు, కేకులలో కూడా పందికొవ్వు కలుపుతారు గనుక పొట్లం మీది అక్షరాలు చదవకుండా ఏదీ కొనలేదు. ఆ ఊరి ప్రసిద్ధ వంటకం ‘సాల్మొరెహో’. టమాటా, రొట్టె, ఆలివ్ నూనె, వెల్లుల్లి కలిపి నూరిన చల్లని పులుసు. దానిపై మాంసపు ముక్కలు చల్లుతారు. “సిన్ హమోన్” అని ముందే చెబితే అవి లేకుండా ఇస్తారు. ఒక్క పూట అది, చేపలు తిన్నాము. మిగిలిన పూటలన్నీ అంగడిలో కొన్న రొట్టె, ఉడికించిన గుడ్లు, ఆలివ్ కాయలు, వాటికి తోడు మేము వెంట తీసుకువెళ్ళిన కారప్పొడి. కుళాయి నీళ్ళు తాగవచ్చు. సీసా నీళ్ళకు పైసా ఖర్చు పెట్టలేదు.

మస్జిదులోకి ప్రవేశ రుసుము మేము వెళ్ళిన నాటికి మనిషికి 13 యూరోలు. ముగ్గురికి 39. మన డబ్బులో దాదాపు 3,500 రూపాయలు. మా ఆవిడ ఆ మొత్తాన్ని కాగితంలో చుట్టి వేరుగా పెట్టింది. కాని సోమవారం నుండి శనివారం వరకు ఉదయం 8.30 నుండి 9.30 దాకా ప్రవేశం ఉచితమని మా వాడు కనుక్కున్నాడు. ఆ గంటలో పర్యాటక బృందాలను అనుమతించరు, మాటలు తగ్గించి మౌనంగా చూడాలి. డబ్బు లేని వారికి దొరికిన ఈ గంటే, నా దృష్టిలో, డబ్బున్న వారికి దొరికే మిగతా గంటలకంటే మేలైనది.

శుక్రవారం గదిలో ఫజ్ర్ చదువుకొని బయలుదేరాము. వంతెన మీద ఉండగా తెల్లవారింది. క్రింద గ్వాదల్‌కివీర్ నది. ‘అల్ వాదీ అల్ కబీర్’ అన్న అరబీ పేరే స్పానిష్ నోట అలా మారింది. ఆ భాషలో ఇలాంటివి చాలా ఉన్నాయి. పంచదార వాళ్ళకు ‘అసూకర్’, నూనె ‘అసెయితె’. ఏదైనా జరగాలని కోరుకునేటప్పుడు వాళ్ళు పలికే ‘ఒహలా’ అన్న మాట కూడా అల్లాహ్ సంకల్పాన్ని తలచే అరబీ మాట నుండి పుట్టినదే. పలికేవారిలో ఎందరికి అది తెలుసో! మస్జిదు ప్రాంగణంలో వరుసలుగా నారింజ చెట్లు. వాటిని వాళ్ళు ‘నరాంహ’ అంటారు, అరబ్బులు ‘నారంజ్’ అన్నారు, మనం నారింజ అంటాము. తూర్పు నుండి ఆ పండు ఎంత దూరం నడిచి వెళ్ళిందో దాని పేరే చెబుతోంది. పూర్వం నమాజీలు ఈ ప్రాంగణంలోనే వుజూ చేసేవారు.

లోపలికి అడుగు పెట్టగానే ముగ్గురమూ ఆగిపోయాము. స్తంభాలు, వాటి వెనుక స్తంభాలు, చూపు ఆనినంత మేర స్తంభాలు. నేటికీ 850కి పైగా నిలిచి ఉన్నాయి. అనేకం పాత రోమన్ కట్టడాల నుండి తెచ్చినవి కావడం వల్ల ఒకదాని రంగు ఒకదానికి లేదు. అవి పొట్టివి కావడంతో కప్పు ఎత్తు పెంచడానికి కమాను మీద కమాను కట్టారు, ఎర్ర ఇటుక ఒకటి, తెల్ల రాయి ఒకటి. కొరతలో పుట్టిన ఉపాయమే ఆ కట్టడానికి అందమైంది. అబ్బాసీల కత్తి నుండి తప్పించుకొని సిరియా వదలి వచ్చిన అబ్దుర్రహ్మాన్ 785 ప్రాంతంలో దీన్ని ప్రారంభించాడు. ఆ స్థలంలో అంతకుముందు ఒక చర్చి ఉండేదని, క్రైస్తవులకు వెల చెల్లించి దాన్ని తీసుకున్నాడని అరబ్బు చరిత్రకారులు వ్రాశారు. తరువాతి పాలకులు మరో రెండు వందల ఏళ్ళు దీన్ని విస్తరిస్తూ పోయారు. 1236లో నగరం చేజారింది, మస్జిదు చర్చి అయింది. 1523లో మధ్యభాగం పడగొట్టి పెద్ద చర్చి నిర్మాణం మొదలుపెట్టారు. ఆ స్తంభాల అడవి నడుమ అది ఒక్కసారిగా పైకి లేచి కనిపిస్తుంది.

మిహ్రాబ్‌ ముందు కటకటాలు ఉన్నాయి. రెండవ హకమ్ కాలంలో, పదవ శతాబ్దంలో, బైజాంటియమ్ చక్రవర్తి పంపిన పనివాడి చేత చేయించిన బంగారు పలుకుల అలంకరణ అది. నీలం మీద బంగారు కూఫీ లిపి. మా ఆవిడ ఆ అక్షరాలను కూడబలుక్కుంటూ చదివింది. ఆపై మెల్లగా, “తహియ్యతుల్ మస్జిద్ రెండు రకాతులు చదవకుండా ఎలా వెళ్తాం?” అన్నది.

“అమ్మీ, ఇప్పుడిది చర్చి. ఇక్కడ నమాజుకు అనుమతి లేదు” అన్నాడు మా అబ్బాయి.

ఇక్బాల్ 1933లో ఇక్కడ నమాజు చేశాడు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది గాని అనలేదు. అతిథిగా వచ్చిన చోట ఇంటివారి నియమం పాటించడమే మర్యాదని నాకు తోచింది. మా ఆవిడ దుపట్టా చాటున చేతులు దాచుకొని పెదవులు మాత్రం కదిలించింది. ఆమె కళ్ళు తుడుచుకోవడం చూసి నేను ముఖం తిప్పుకున్నాను. ఆ క్షణంలో నాకు కోపం రాలేదని చెబితే అబద్ధమే అవుతుంది. కాని తరువాత ఆలోచిస్తే మరొకటి కూడా నిజమనిపించింది. ఆ నగరంలో ఒకప్పుడు వందలాది మస్జిదులు ఉండేవి, దాదాపు అన్నీ నేలమట్టమయ్యాయి. ఇది చర్చిగా వాడుకలో ఉన్నది గనుకనే ఇంతవరకు నిలిచింది.

బయట పాత గోడ ప్రక్కన ఇబ్నె రుష్ద్ విగ్రహం ఉంది. 1126లో ఈ నగరంలోనే పుట్టి, ఇక్కడే ఖాజీగా తీర్పులు చెప్పిన పండితుడు. ఆయన తత్వగ్రంథాలను తగలబెట్టించి, వృద్ధాప్యంలో ఊరి నుండి వెళ్ళగొట్టినది క్రైస్తవులు కారు, మనవారే. ఐరోపా విశ్వవిద్యాలయాలు ఆ గ్రంథాలను లాటిన్‌లో వందల ఏళ్ళు చదువుకున్నాయి. మనం అందలుస్‌ గురించి నిట్టూర్చేటప్పుడు ఈ పుట సాధారణంగా తిప్పేస్తాము.

మదీనతుజ్జహ్రా శిథిలాలు ఊరికి 8 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. పుస్తకంలో అంకెలు చూసుకొని వెళ్ళలేదు.

జుమా వేళకు కొలోన్ తోటలో ఉన్న చిన్న తెల్లని మస్జిదుకు చేరాము. ప్రయాణికుడికి జుమా తప్పనిసరి కాదు గాని, ఖుర్తుబాలో శుక్రవారం దొరికి ఎలా వదులుకుంటాం? ఉదయం చూసిన దానిలో ఒక మూలకు సరిపోయేటంత గది అది. మొరాకో కూలీలు, ఆఫ్రికా యువకులు, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు. నా భుజానికి ఆనుకొని నిలిచిన వృద్ధుడు సలాం తిప్పిన తరువాత “హింద్?” అని అడిగి, నా చేయి చాలాసేపు వదలలేదు. ఇద్దరికీ ఉమ్మడి భాష సలాం ఒక్కటే.

బయటికి వచ్చేసరికి మా ఆవిడ తోటలో పచ్చిక మీద చద్దరు పరచుకొని, ఒక మొరాకో వృద్ధురాలి ప్రక్కన జుహర్ ఖస్ర్ రెండు రకాతులు చదువుతోంది. సజ్దాలో చాలాసేపు ఉంది. మేము దూరంగా నిలబడి వేచి ఉన్నాము. లేచి వచ్చాక ఆ పెద్దామె ఇచ్చిన రొట్టె ముక్కలు మాకు పంచింది.

ఆ సాయంత్రం గదిలో ఖర్చు పుస్తకం తెరిచి, 39 యూరోల కాగితపు పొట్లం విప్పింది. తొమ్మిది యూరోలు మధ్యాహ్నమే మస్జిదు పెట్టెలో వేయమని మా అబ్బాయికి ఇచ్చిందట, మాకు చెప్పలేదు. మిగిలిన ముప్పై యూరోలను ఉమ్రా సంచిలో పెట్టి ముడి వేసింది.

“ఇవి ఎక్కడివని వ్రాయను?” అని అడిగింది.

“ఖుర్తుబా ఇచ్చిందని వ్రాయి” అన్నాను. వ్రాసింది.